శ్లేష్మము – సంకల్పము: ప్రాచీన భారతంలో బాణాగ్ర బంధన విద్య



శతరుద్రీయాన్ని నిత్యం పారాయణ చేసే ఆస్తిక మహాశయులకు నాల్గవ అనువాకం సుపరిచితమే. పరమేశ్వరుని సర్వాత్మకత్వాన్ని కీర్తించే ఆ నమస్కార పరంపరలో వడ్రంగులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు, నిషాదులకు, వేటగాండ్రకు వందనాలు ఉన్నవి. ఆ వరుసలోనే ధనుస్సులు చేసేవారికి ముందుగా బాణాలు చేసేవారికి వందనం ఉన్నది. ఈ ఇషుకారునికి నేను నలభై సంవత్సరాలకు పైగా నమస్కరిస్తూ వచ్చాను. కాని ఆయన ఎవరో, ఏమి చేసేవాడో ఒక్కనాడైనా ఆలోచించలేదు.

గత కార్తిక మాసంలో ఏకాదశ రుద్రాభిషేకం ముగిసిన పిదప ఒక యువకుడు తీర్థం తీసుకొంటూ అడిగాడు: “అయ్యగారూ, స్వామివారికి నమస్కారం సరే. బాణాలు చేసేవాడికి కూడా నమస్కారం ఎందుకండీ? పుల్లకు ఇనుపముక్క తగిలించడం అంత గొప్ప విద్యా?” నేను “సర్వం శివమయం నాయనా” అని సమాధానం చెప్పి పంపివేశాను. ఆ మాట సత్యమే. అయినప్పటికీ నేను తప్పించుకొన్నానని ఆ బాలునికీ తెలిసినది, నాకూ తెలిసినది. ఆ రాత్రి నుండి ఈ విషయాన్ని మన గ్రంథాలలో వెదకడం ఆరంభించాను. ఆ పరిశ్రమ ఫలితమే ఈ వ్యాసం.

వేదంలో బాణావయవాలు

ముందుగా ఋగ్వేదం. ఆరవ మండలంలో 75వ సూక్తం ఆయుధ స్తుతి. దీని ద్రష్ట భరద్వాజ గోత్రజుడైన పాయు మహర్షి. కవచం, ధనుస్సు, అల్లెత్రాడు, అమ్ములపొది, రథం ఒక్కొక్కటిగా ఇందులో స్తుతింపబడినవి. బాణాన్ని స్తుతించేటప్పుడు మహర్షి దానిని ఒక స్త్రీమూర్తిగా భావించాడు. ఆమె పక్షి ఈకలను వస్త్రంగా ధరించినది, మృగశృంగం ఆమెకు దంతము, గోవులచే గట్టిగా కట్టబడి, విడువగానే ఎగిరిపోతుంది అని ఆ మంత్ర భావం. మరొక మంత్రంలో రెండు విధాల బాణాలు కనిపిస్తాయి. ఒకటి జింకకొమ్ము శిరస్సుగా కలిగి విషం పూయబడినది. రెండవది లోహముఖం కలిగినది. కొమ్ము నుండి లోహానికి మానవుడు సాగించిన యాత్ర ఆ ఒక్క మంత్రంలో నిక్షిప్తమై ఉన్నది.

‘గోవులచే కట్టబడినది’ అన్న మాట వద్ద మనం ఆగాలి. బాణాన్ని గోవులతో కట్టడమేమి? ఈ సందేహాన్ని నివారించినవాడు యాస్క మహర్షి. నిరుక్తం రెండవ అధ్యాయంలో ‘గో’ శబ్దానికి ఉన్న నానార్థాలను వివరిస్తూ, గోవు నుండి లభించే పదార్థాలను కూడ వేదం ‘గో’ అనే పేరుతోనే పిలుస్తుందని ఆయన చూపాడు. ఆవుపాలను, ఆవుచర్మాన్ని అట్లే అన్నారు. రథస్తుతిలో ‘గో’ అనగా చర్మము, శ్లేష్మము. బాణస్తుతిలో ‘గో’ అనగా స్నాయువు, శ్లేష్మము.

స్నాయువు అనగా నరము. శ్లేష్మం అనగానే నేడు మనకు కఫమే స్ఫురిస్తుంది. కాని ఆ శబ్దానికి మూలమైన ‘శ్లిష్’ ధాతువునకు అతుకుట, కలియుట అని అర్థం. ఆశ్లేషం, సంశ్లేషణం, మన కావ్యాలలోని శ్లేషాలంకారం అన్నీ ఆ ధాతువు సంతానమే. రెండు అర్థాలను ఒక శబ్దంలో విడదీయరానట్లు అతికించేది శ్లేష. రెండు ద్రవ్యాలను ఒకటిగా అతికించేది శ్లేష్మం, అంటే జిగురు. పశుచర్మాన్ని, స్నాయువులను నీటిలో మరిగిస్తే వచ్చే బంక అది. కనుక బాణానికి మొనను జిగురుతో అతికించి, పైన నరంతో చుట్టి కట్టే విద్య యాస్కునికి ఎరుకయే. అది వేదకాలపుదని ఆయన గ్రహించాడు.

అథర్వవేదం ఈ అవయవాలను మరింత సూక్ష్మంగా విభజించినది. నాల్గవ కాండంలోని 6వ సూక్తం విషహరం. విషదిగ్ధమైన బాణం తగిలినవాని శరీరం నుండి విషాన్ని వెడలగొట్టుతూ, బాణంలోని ఒక్కొక్క అవయవాన్ని ఋషి పేరు పెట్టి పిలుస్తాడు. శల్యం నుండి, ఈకలు నాటిన పర్ణధి నుండి, శృంగం నుండి, కుల్మలం నుండి విషాన్ని తొలగిస్తున్నాను అంటాడు. ఇందులో కుల్మలం అనే పదం మనకు ముఖ్యం. మొన కాండంతో కలిసే కంఠస్థానం అది. మన తెలుగులో బాణాగ్రానికి ములికి, అలుగు అనే చక్కని మాటలున్నవి, ఈకలున్న వెనుక భాగానికి పింజ అన్న పేరున్నది. ఆ రెంటి నడుమ ఉన్న సంధిస్థానానికి అథర్వణ ఋషి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. పేరు పెట్టడమంటే దానిని గమనించడమే. గమనించవలసినంత క్లిష్టత అక్కడ ఉన్నది.

సంధి ఎందుకు క్లిష్టము?

కాండం తేలికగా ఉండాలి, లేనిచో దూరం పోదు. మొన బరువుగా, కఠినంగా ఉండాలి, లేనిచో చీల్చదు. ఒకటి వృక్షజాతి, రెండవది లోహజాతి. ఎండకు, వానకు కర్ర ఉబ్బుతుంది, కుంచించుకొంటుంది. ఇనుము అట్లు మారదు. ఈ రెండు విజాతీయ ద్రవ్యాలు కలిసిన చోటనే బాణపు వేగమంతా లక్ష్యాన్ని తాకిన క్షణంలో ఒత్తిడిగా పడుతుంది. సంధి బలహీనమైతే మొన వెనుకకు దిగబడి కాండాన్ని చీలుస్తుంది, లేదా పక్కకు వంగి ఊడిపోతుంది. సంధి బలంగా ఉండి కూడ వంకరగా ఉంటే, బాణం గాలిలోనే దారి తప్పుతుంది. వెడల్పైన అలుగుకు ఈ దోషం మరింత ఎక్కువ. విశాలమైన రేకు గాలిని పట్టుకొని బాణాన్ని తన వైపు లాగివేస్తుంది.

ఈ సమస్యను మన పూర్వులు మూడు విధాలుగా పరిష్కరించారు. మొదటిది చీలిక పద్ధతి. మొహెంజొదారో, హరప్పాలలో దొరికిన రాగి బాణాగ్రాలు పలుచని రేకుల వంటివి, వెనుకకు సాగిన పొడవైన చెవులు కలవి. కాండపు కొనను చీల్చి, రేకును అందులో దూర్చి, గట్టిగా చుట్టి కట్టవలసిన రూపం వాటిది. రెండవది తోక పద్ధతి. మొనకు వెనుక సన్నని కాడను సాగదీసి, దానిని బోలుగా ఉన్న రెల్లు లేదా వెదురు కాండంలోకి దిగవేస్తారు. మూడవది గొట్టపు పద్ధతి. మొన వెనుక భాగాన్ని గొట్టంగా చుట్టి, చెక్కిన కాండాన్ని అందులో దూరుస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని అత్రంజిఖేడా త్రవ్వకాలలో చిత్రిత ధూసర మృణ్మయ పాత్రల స్తరాల నుండి ఇనుప బాణాగ్రాలతో పాటు ఎముక మొనలు కూడ లభించినవి. దక్షిణాపథంలోని బృహచ్ఛిలా సమాధులలో మృతుని పక్కన ఇనుప బాణాగ్రాలు ఉంచబడినవి. రెల్లు, జిగురు, నరం కాలగర్భంలో కలిసిపోయినవి, ఇనుము మాత్రమే మిగిలినది. పురావస్తు శాస్త్రం మొనను చూపగలదు. కుల్మలాన్ని చూపవలసినది వేదమే.

తోక పద్ధతిలో కాండం లోపల జిగురు, వెలుపల నరపు చుట్టు రెండూ కావాలి. జిగురు మొన ఊడి రాకుండా పట్టుకొంటుంది. నరపు చుట్టు కాండం పగిలిపోకుండా కాపాడుతుంది. తడి నరాన్ని చుట్టి ఆరనిస్తే అది కుంచించుకొని ఇంకా బిగుస్తుంది. ఒకటి లోపలి నుండి కలుపుతుంది, ఇంకొకటి వెలుపలి నుండి రక్షిస్తుంది. యాస్కుడు రెంటినీ కలిపి చెప్పడంలోని ఔచిత్యం ఇదే.

ధనుర్వేదము – కౌటిల్యము – యవన సాక్ష్యము

వాసిష్ఠ ధనుర్వేదం శరకాండం ఎట్లుండాలో విధించినది. అతిస్థూలం, అతిసూక్ష్మం పనికిరాదు. చెడునేలలో పుట్టినది, చీలినది, గణుపులు సరిగా లేనిది విడిచిపెట్టాలి. గణుపులు పూర్ణంగా ఉండి, చక్కగా పండి, పాలిపోయిన వన్నె కలిగి, సకాలంలో తెచ్చిన కఠినమైన గుండ్రని రెల్లును గ్రహించాలి. పొడవు రెండు మూరలకు పిడికెడు తక్కువ, లావు చిటికెన వ్రేలంత. పండిన రెల్లునే తీసుకొమ్మనడంలో రహస్యమున్నది. పచ్చి కాండం ఆరేకొద్దీ కుంచించుకొంటుంది, నాడు బిగువుగా ఉన్న సంధి నెల తిరిగేసరికి వదులవుతుంది. గణుపు సక్రమంగా ఉంటే దిగవేసిన తోక దెబ్బకు వెనుకకు పోకుండా అక్కడ ఆగుతుంది.

ఈకలకు కాకి, హంస, క్రౌంచం, నెమలి, గ్రద్ద మొదలైన పక్షులు చెప్పబడినవి. ఒక్కొక్క బాణానికి నాలుగు ఈకలు, ఆరంగుళాల ప్రమాణం, స్నాయు తంతువులతో దృఢంగా బంధించాలని విధి. ముఖభేదాలు పది. ఆరాముఖం, క్షురప్రం, గోపుచ్ఛం, అర్ధచంద్రం, సూచీముఖం, భల్లం, వత్సదంతం, ద్విభల్లం, కర్ణికం, కాకతుండం. సూచీముఖం సన్నని మొన, కవచాన్ని ఛేదించేది. క్షురప్రం, అర్ధచంద్రం విశాలమైన అలుగులు, కోసివేసేవి. సన్నమొనకు చిన్న సంధి చాలును. అర్ధచంద్రానికి అది చాలదు. దాని కొనలు ప్రక్కకు విస్తరించి ఉండటం వలన తగిలినపుడు మెలి తిరిగే బలం సంధిపైనే పడుతుంది.

సంధి బాధ లేని బాణం కూడ ఒకటి ఉన్నది. అది నారాచం, అనగా ఆమూలాగ్రం లోహమయమైన బాణం. దానికి ఐదు ఈకలు కావాలనీ, అది అందరికీ సిద్ధించదనీ ధనుర్వేదమే చెప్పినది. బరువైన నారాచాన్ని ప్రయోగించగల భుజబలం ఎందరికుంటుంది? లోకంలో అధికులు విజాతీయాలను అతికించుకొని జీవించవలసినవారే.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణం కలదు. అక్కడ వెదురు, రెల్లు మొదలైన వాటితో చేసే బాణభేదాలు, నారాచం పేర్కొనబడినవి. వాటి ముఖాలు ఛేదనానికి, భేదనానికి, తాడనానికి ఉద్దేశింపబడి, ఇనుముతో, ఎముకతో, కర్రతో చేయబడాలని చెప్పబడినది. కోయుట, గ్రుచ్చుట, మోదుట అని పనిని బట్టి ముఖం, ముఖాన్ని బట్టి బంధనం.

విదేశీయులు కూడ దీనిని గమనించారు. క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి గ్రీసుపై దండెత్తినప్పుడు ఆయన సైన్యంలోని భారతీయులు నూలు వస్త్రాలు ధరించి, రెల్లు ధనుస్సులు, ఇనుప మొనలు గల రెల్లు బాణాలు కలిగి ఉన్నారని హెరోడోటస్ వ్రాశాడు. అలెగ్జాండర్ వెంట వచ్చిన నియార్కస్ మాటలను ఆధారం చేసుకొని ఏరియన్ మరికొంత చెప్పాడు. భారతీయ పదాతి చేతిలోని ధనుస్సు మనిషి ఎత్తు ఉండేదట. దానిని నేలపై ఆనించి ఎడమకాలితో అదిమి లాగేవారట. బాణం మూడు మూరలకు కొద్దిగా తక్కువ. డాలుగాని కవచంగాని దానిని ఆపలేకపోయేవట.

ఆ మాట నిజమని అలెగ్జాండరుకు స్వయంగా అనుభవమైనది. క్రీ.పూ. 326–325 శీతాకాలంలో మాలవుల కోటపై దాడి చేస్తుండగా ఒక బాణం అతని కవచాన్ని చీల్చుకొని వక్షంలో నాటుకొన్నది. ముందుగా కాండాన్ని రంపంతో కోసి, ఆ తరువాత కవచం విప్పి, గాయాన్ని విశాలం చేసి మొనను వెలికి తీశారు. ఆ మొన మూడు వ్రేళ్ల వెడల్పు, నాలుగు వ్రేళ్ల పొడవు ఉన్నదని ప్లూటార్క్ వ్రాశాడు. అంత విశాలమైన అలుగును కవచం గుండా లోనికి దిగేవరకు పట్టి ఉంచినది ఒక మాలవ ఇషుకారుని జిగురు, నరపు చుట్టు. ఆయన పేరు ఏ చరిత్రలోనూ లేదు. నాల్గవ అనువాకంలోని నమస్కారం మాత్రం ఆయనకు చేరుతూనే ఉన్నది.

శల్యము – దయ

యుద్ధవిద్యను గురించి ఇంత చెప్పి, గాయపడినవానిని విస్మరిస్తే అది ధర్మం కాదు. మన శస్త్రచికిత్సా శాస్త్రానికి శల్యతంత్రమనే పేరు బాణాన్ని బట్టియే వచ్చినది. శరీరానికి, మనస్సుకు బాధ కలిగించే ప్రతిదీ శల్యమేనని సుశ్రుతాచార్యులు నిర్వచించారు. అయినా ఈ శాస్త్రంలో ప్రధానంగా గ్రహించవలసినది లోహశల్యమనీ, అందులోనూ శరమే ముఖ్యమనీ, అది వారింపశక్యం కానిది, సూక్ష్మముఖం కలది, దూరాన పనిచేసేది కనుక అట్లు చెప్పబడినదనీ సూత్రస్థానం 26వ అధ్యాయంలో వివరించారు. బాణాలు రెండు విధాలు: చెవులున్న కర్ణి, చెవులు లేని శ్లక్ష్ణం. 27వ అధ్యాయంలో శల్యాన్ని తొలగించే 15 ఉపాయాలను చెప్పారు. వాటిలో అయస్కాంతం ఒకటి. ఎముకలో దిగబడి కదలని మొనను తీయడానికి దాని వెనుకనున్న తోకను, అనగా వారంగాన్ని, వంచి అల్లెత్రాటితో కట్టి, ఆ త్రాటిని గుర్రపు కళ్లెానికి గాని వంచిన చెట్టుకొమ్మకు గాని కట్టి ఒక్కసారిగా లాగించే పద్ధతి కూడ అక్కడ వర్ణింపబడినది. ఏ తోక మొనను కాండంతో కలిపినదో, ఆ తోకయే వైద్యుని చేతికి పట్టు అయినది!

ఇక చెవులున్న బాణాలు, విషం పూసినవి, అగ్నితో మండేవి రాజు ప్రయోగించరాదని మనుస్మృతి 7వ అధ్యాయం 90వ శ్లోకం నిషేధించినది. చెవులున్న మొన లోనికి పోవును గాని వెలికి రాదు, వెలికి తీయబోతే మాంసాన్ని చీల్చుతుంది. నిర్మించగల శక్తి ఉన్నంత మాత్రాన ప్రయోగించే హక్కు లేదని ధర్మశాస్త్ర హృదయం. శతరుద్రీయం ఆరంభంలో మనం కోరేది కూడ ఇదే కదా! నీ ధనుస్సు ఎక్కుదించి, బాణాల మొనలు మొద్దుబరచి, మాకు శివుడవై ప్రసన్నుడవగుమని ప్రార్థిస్తున్నాము.

నా చేతికి తెలిసిన జిగురు

ఇంతవరకు గ్రంథాల మాట. ఇక నా చేతికి తెలిసిన మాట ఒకటి విన్నవిస్తాను.

మేము అర్చకులం, బాణాలు చేసేవారం కాము. అయినా రెండు విజాతీయాలను అతికించే విద్య మా ఆలయాలలోనూ ఉన్నది. మూలవిరాట్టును పీఠంతో కలిపే అష్టబంధనమే అది. మా ప్రాంతపు సంప్రదాయంలో లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, సున్నపురాతి పొడి, ఇంగిలీకం, ఎర్రప్రత్తి, గేదెవెన్న అనే ఎనిమిది ద్రవ్యాలను చేర్చి, ఇనుప రోకళ్లతో దంచి ముద్ద చేస్తారు. లక్క, గుగ్గిలం పట్టును ఇస్తాయి. అవి మాత్రమే అయితే చల్లారిన పిదప గాజువలె పెళుసెక్కుతాయి. అందుకే మైనం, వెన్న మెత్తదనం కోసం, రాతిపొడి గట్టిదనం కోసం, ప్రత్తి పోగు పగులకుండా పట్టి ఉంచడం కోసం. పన్నెండు సంవత్సరాలకొకసారి దీనిని పునరుద్ధరించడం ఆచారం. వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపమనే పేరుతో ఇటువంటి లేపాలు చెప్పబడినవి. వాటిలోనూ లక్క, గుగ్గులు, సర్జరసం వంటి నిర్యాసాలే ప్రధానం.

కొన్నేళ్ల క్రితం మా ఆలయంలో ఒక ఉపాలయ మూర్తికి బంధనం శిథిలమైనది. పన్నెండేళ్ల గడువు ఇంకా రాలేదు, ఖర్చు ఎక్కువ, దంచే మనుషులు లేరు అన్న తలంపుతో, ఒకరి సలహాపై బజారులో దొరికే రసాయనపు జిగురును పోయించాము. అంగీకరించినవారిలో నేనూ ఒకడిని. పై నుండి చూస్తే రాయివలె గట్టిపడినది. ఏడాది తిరగకముందే అభిషేక జలం పీఠం క్రిందికి ఇంకుతున్నదని తెలిసినది. తీసి చూడగా ఆ జిగురు పగలలేదు, కరగలేదు, ఒక్క పెచ్చుగా ఊడి చేతికి వచ్చినది. రాతిని అది పట్టనే లేదు.

అష్టబంధనం దంచడానికి వచ్చిన వృద్ధ శిల్పి ఆ పెచ్చును తిప్పి చూసి, “స్వామీ, జిగురు తప్పు కాదిది. క్రింద ఏళ్ల తరబడి నూనె, పాలు, తడి పేరుకొని ఉన్నాయి. దాన్ని కడిగి, గీకి, ఆరబెట్టకుండా పోశారు. మురికిని పట్టుకొన్నది గాని రాతిని పట్టుకోలేదు” అన్నాడు. ఆయన మూడు దినాలు రాతిని శుభ్రపరచి, ఆరబెట్టి, వెచ్చబరచి, నునుపెక్కిన చోట గరుకు చేసి, ఆ పిదపనే బంధనం వేయించాడు.

అతికించే విద్యకు ఈ నియమాలు సర్వత్రా సమానం. ఇషుకారుడు కూడ తోకపై ఉన్న తుప్పును, చమురును తొలగించాలి. నునుపుగా ఉంటే గరుకు చేయాలి. కాండపు రంధ్రాన్ని తోక ఆకారానికి సరిపోవునట్లు చేయాలి. ఇనుమును వెచ్చజేయాలి, లేనిచో వేడి లక్క చల్లని ఇనుమును తాకగానే పైపైన గడ్డకట్టుతుంది. కాని అతిగా వేడిచేస్తే లక్క మాడి, రెల్లు కాలిపోతుంది. దిగవేసిన వెంటనే, జిగురు మెత్తగా ఉండగానే, బాణాన్ని వ్రేళ్లపై తిప్పి మొన వణకుతున్నదా అని చూసి సరిచేయాలి. ఆ కొద్ది క్షణాలు దాటితే వంకర శాశ్వతమవుతుంది.

ఇది గ్రహించిన పిదప శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూతోపాఖ్యానం నాకు క్రొత్తగా గోచరించినది. అవధూత చెప్పిన 24 గురువులలో ఇషుకారుడొకడు. బాణనిర్మాణంలో లీనమైన ఆయన ప్రక్కనుండి రాజు సపరివారంగా వెళ్లినా గమనించలేదు. సాంఖ్యసూత్రాలు కూడ ఏకాగ్రచిత్తుని సమాధికి హాని లేదనడానికి ఈ ఇషుకారునే దృష్టాంతం చేసినవి. చిన్ననాటి నుండి నేను ఆ కథను ఒక నీతిగా చెబుతూ వచ్చాను. మెత్తబడిన లక్క చేతిలో ఉన్నవాడు రాజు కోసం తల ఎత్తలేడని ఇప్పుడు తెలిసినది.

సోముడే సంధి

యజ్ఞప్రక్రియలోనూ ఈ విద్యకు స్థానం ఉన్నది. సోమయాగంలోని ఉపసత్తులను గురించి మా తైత్తిరీయ సంహిత ఆరవ కాండం ఒక కథ చెబుతుంది. అసురులకు మూడు పురాలుండేవి: క్రిందిది ఇనుపది, నడుమది వెండిది, పైది బంగారుది. దేవతలు వాటిని జయించలేక ఒక బాణాన్ని నిర్మించారు. దానికి అగ్ని మొన, సోముడు శల్యం, విష్ణువు కాండం. దానిని రుద్రుడు ప్రయోగించాడు. ఐతరేయ బ్రాహ్మణం దీనికి వరుణుని ఈకలుగా చేర్చినది. ఇక్కడ మొన వేరుగా, కాండం వేరుగా చెప్పబడినందున, నడుమనున్న శల్యం ఆ రెంటినీ కలిపే కంఠభాగమని గ్రహించాలి. దహించే అగ్నిని వ్యాపకుడైన విష్ణువుతో కలిపి ఉంచినవాడు రసస్వరూపుడైన సోముడు. రసం లేని చోట బంధం లేదు. త్రిపురసంహారం చేసిన బాణానికి కూడ సంధి కావలసి వచ్చినది!

అదే ఐతరేయ బ్రాహ్మణం ఐదవ పంచికలో వ్యాహృతుల మహిమ చెబుతూ, ఊడిపోయిన చర్మవస్తువును మరొకదానిని శ్లేష్మంతో అతికించినట్లు, యజ్ఞంలో విడివడినదానిని వ్యాహృతులు అతికిస్తాయని అంటుంది. ఛాందోగ్యం నాల్గవ అధ్యాయం కూడ లోహాన్ని లోహంతో, ఇనుముతో కర్రను, చర్మంతో కర్రను కలిపే దృష్టాంతాలను అక్కడ చూపినది. మంత్రం జిగురువలె పనిచేస్తుందని చెప్పడానికి మన ఋషులు సంకోచించలేదు. పనివాని మూస, పనివాని కుంపటి వారికి పరాయివి కావు.

ఇక చివరి మాట. అథర్వవేదం మూడవ కాండం 25వ సూక్తంలో కాముని బాణం వర్ణింపబడినది. దానికి ఆరాటం ఈకలు, కామం శల్యం, సంకల్పం కుల్మలం. కామబాణానికి కూడ మొనను కాండంతో అతికించేది సంకల్పమే. సంకల్పం లేని కోరిక గాలిలోనే ఊడిపోతుంది. మరి అదే సంకల్పాన్ని సద్వస్తువు వైపు త్రిప్పితే? ముండకోపనిషత్తు ప్రణవాన్ని ధనుస్సుగా, ఆత్మను శరంగా, బ్రహ్మాన్ని లక్ష్యంగా చెప్పి, ఆ శరం ఉపాసనచే పదునెక్కాలన్నది. పదును శాస్త్రం ఇస్తుంది. గతి గురువు ఇస్తాడు. కాని చదివిన విద్య అనే మొనను జీవితమనే కాండానికి అతికించుకోవలసినవాడు సాధకుడే.

నా నలభై ఏళ్ల పారాయణలో మొన ఉన్నది, స్వరం తప్పలేదు. కాండమూ ఉన్నది, నిత్యం ఆలయంలోనే ఉన్నాను. ఆ యువకుని ప్రశ్న తగిలినప్పుడు మొన ఊడి వచ్చినది. అతుకవలసిన చోట అలవాటు అనే నూనె పేరుకొని ఉన్నది. వృద్ధ శిల్పి చెప్పినట్లు దానిని కడిగి, గీకి, ఆరబెట్టి మరల అతికించుకొనడమే ఇప్పుడు నా పని.

ఆ యువకుడు శివరాత్రికి మరల వచ్చాడు. “నాయనా, ఆనాడు నీకు సరిగా సమాధానం చెప్పలేదు. పుల్లకు ఇనుపముక్క తగిలించడం గొప్ప విద్యే. కూర్చో, చెబుతాను” అన్నాను. అభిషేకం ఆరంభం కావడానికి ఇంకా గడియసేపు ఉన్నది. ఇక్కడ మీకు విన్నవించినదంతా అతనికి చెప్పాను. నాల్గవ అనువాకం వచ్చినప్పుడు అతడు తల వంచి నమస్కరించడం చూశాను. ఆ రోజు నేను కూడ ఇషుకారునికి నిజంగా నమస్కరించాను.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.